పాత తలుపు ప్యానెల్ చుట్టూ సందు కనిపిస్తే జిగురుతో బిగించాలా?

బిగించకూడదు, చట్రం గాడిలో ప్యానెల్ వదులుగా ఉండటం లోపం కాదు, వడ్రంగి కావాలనే అలా వదిలాడు. చెక్క గాలిలోని తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, తేమ తగ్గితే కుంచించుకుపోతుంది. పొడవులో మాత్రం మార్పు దాదాపు ఉండదు. పొడి వాతావరణంలో ప్యానెల్ అంచున రంగు పడని సన్నటి గీత బయటపడుతుంది చూడండి, అది అంతవరకూ గాడిలో దాగిన భాగమే. అక్కడ జిగురో లప్పమో కూరితే, కుంచించుకునే దారి లేక ప్యానెల్ నిలువునా పగలొచ్చు. "100 ఏళ్ల చెక్క, ఎప్పుడో ఎండిపోయింది, ఇక కదలదు" అనుకుంటారు చాలామంది. ఎంత పాతదైనా కదులుతూనే ఉంటుంది. రంగు పొరలు గాడిలో గడ్డకట్టి ఉంటే మాత్రం సన్నటి బ్లేడుతో కోసి విడిపించాలి. పొడిగా గీకొద్దు, పాత రంగుల్లో సీసం ఉండొచ్చు.