పాత దూరదర్శన్‌లో ‘అంతరాయానికి చింతిస్తున్నాం’ బోర్డు ఎందుకంత తరచుగా వచ్చేది?

ఆ బోర్డు కనిపించిందంటే మీ టీవీ, యాంటెన్నా బాగానే ఉన్నట్టు. తంటా అంతా ప్రసారం చేసేవాళ్ల దగ్గరే. 1980ల్లో జాతీయ కార్యక్రమాలు ఢిల్లీ నుంచి ఇన్సాట్-1బి ఉపగ్రహానికి వెళ్లి, అక్కడి నుంచి ఊళ్లలోని రిలే కేంద్రాలకు దిగేవి. చాలా చోట్ల ఉన్నవి 100 వాట్ల చిన్న ట్రాన్స్‌మిటర్లే. స్టూడియోలో టేపు ఇరుక్కున్నా, మధ్యలో లింకు తెగినా బొమ్మ పోయేది. ఆ ఖాళీని నింపడానికే బోర్డు. సినిమా క్లైమాక్స్‌లో పడితే మాత్రం ఆ క్షమాపణను ఎవరూ ఖాతరు చేసేవారు కాదు!

తెర మీద కనిపించే చుక్కల సంగతి వేరు. సిగ్నల్ బలహీనంగా ఉంటే టీవీ దాన్ని పెంచబోయి, గాలిలోని రొదనూ (అక్కర్లేని సంకేతాలనూ) తన సర్క్యూట్లలోని రొదనూ కూడా పెంచేస్తుంది. అదే చుక్కలుగా కనిపిస్తుంది. ఆ చుక్కల్లో అతి కొద్ది భాగం విశ్వం పుట్టుకనాటి మహావిస్ఫోటం (బిగ్ బ్యాంగ్) మిగిల్చిన వికిరణమే. బొమ్మ పక్కన నీడలా ఇంకో బొమ్మ కనిపిస్తే, అది కొండకో మేడకో తగిలి ఆలస్యంగా వచ్చిన తరంగం. అందుకే ఎవరో ఒకరు డాబా ఎక్కి యాంటెన్నా తిప్పాల్సి వచ్చేది.

డిజిటల్‌లో సిగ్నల్ ఓ హద్దు కంటే తగ్గితే బొమ్మ గళ్లుగళ్లుగా విరిగి ఆగిపోతుంది. పాత అనలాగ్‌ ప్రసారంలో చుక్కల మధ్యనైనా క్రికెట్ స్కోరు తెలిసేది.