టెక్ సందేహాలు: మెరుగులు సరే, యాంటీవైరస్ ఎందుకు ఆపారు?

ప్రశ్న: పాత ప్లేస్టేషన్ గేమ్‌ని ఎమ్యులేటర్‌లో (పాత కన్సోల్‌ని కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రామ్) 4కె రిజల్యూషన్‌కి పెంచాను. బొమ్మ స్పష్టంగానే ఉంది కానీ గోడలు, ముఖాలు వణుకుతున్నాయి. గ్రాఫిక్స్ కార్డు పాడైందా?

కార్డు బాగానే ఉంది. 1994లో వచ్చిన ఆ కన్సోల్ త్రీడీ బొమ్మల మూలలను పూర్తి పిక్సెళ్ల మీదే పెట్టగలదు. అర పిక్సెల్, పావు పిక్సెల్ లెక్క దానికి లేదు. అందుకే కెమెరా కదిలినప్పుడల్లా మూలలు పక్క పిక్సెల్‌కి గెంతుతాయి. నేల మీది గళ్లు వంకర తిరగడానికి కారణం వేరు, టెక్స్చర్ (ఉపరితలం మీద అతికించే బొమ్మ) పరిచేటప్పుడు ఆ చిప్ దూరాన్ని పట్టించుకోదు. 320×240 బొమ్మలో, ట్యూబ్ టీవీ మసకలో ఇవన్నీ కలిసిపోయేవి. 4కెతో మీరు ఆ వణుకుని కూడా శుభ్రంగా చూస్తున్నారు, అంతే.

సెట్టింగ్స్‌లో పీజీఎక్స్‌పీ అని ఉంటుంది, ఆన్ చేయండి. కన్సోల్ పారేసిన దశాంశాలను అది దాచిపెట్టి, బొమ్మ గీసేటప్పుడు వాడుతుంది. ఏ గేమ్‌లోనైనా బొమ్మ చెడితే ఆ ఒక్క గేమ్‌కే ఆపేయండి. దృశ్యాన్ని వెడల్పు తెర నిండా చూపించే వైడ్‌స్క్రీన్ హ్యాక్ జోలికి మాత్రం ఆచితూచి వెళ్లండి. 4:3 తెర అంచు దాటినవాటిని చాలా గేమ్‌లు అసలు గీయవు. అందుకే పక్కల్లో మనుషులు ఉన్నట్టుండి మాయమవుతుంటారు.

ప్రశ్న: బటన్ ఆలస్యం తగ్గుతుందని రన్ అహెడ్ 4 ఫ్రేములు పెట్టాను. ఇప్పుడు హీరో నడవడం మానేసి గెంతుతున్నాడు. ఎందుకు?

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటం అంటే ఇదే. బటన్ నొక్కాక స్పందించడానికి గేమ్ తనంతట తాను ఒకటి రెండు ఫ్రేములు తీసుకుంటుంది. 60 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేమ్ సుమారు 16.7 మిల్లీసెకన్లు. రన్ అహెడ్ ఆ ఫ్రేములను ముందే నడిపి ఫలితం చూపిస్తుంది. ఉన్నదానికంటే ఎక్కువ పెడితే అసలు కదలికనే మింగేస్తుంది. రెట్రోఆర్క్ అనే ఎమ్యులేటర్ యాప్‌లో గేమ్‌ని పాజ్ చేసి, జంప్ బటన్ నొక్కి పట్టుకుని, ఒక్కో ఫ్రేమ్ ముందుకు జరపండి. హీరో మూడో ఫ్రేమ్‌లో కదిలితే 2 పెట్టండి. అంతకంటే ముందు టీవీలో గేమ్ మోడ్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. అది చూడకుండా ఎమ్యులేటర్‌ని తిట్టేవాళ్లే ఎక్కువ.

ప్రశ్న: బయోస్ (కన్సోల్‌ని మొదలుపెట్టే మూల సాఫ్ట్‌వేర్), హెచ్‌డీ టెక్స్చర్లు, షేడర్లు (తెర మీద బొమ్మ రూపు మార్చే ఎఫెక్టులు) అన్నీ కలిపిన ప్యాక్ ఒకటి దొరికింది. 40 ఎంబీ ఇన్‌స్టాలర్. యాంటీవైరస్ ఆపి రన్ చేయమన్నారు, చేశాను. ఏమీ ఇన్‌స్టాల్ కాలేదు. మళ్లీ ప్రయత్నించాలా?

వద్దు! ఇన్‌స్టాల్ కావాల్సింది ఇన్‌స్టాల్ అయ్యే ఉంటుంది, మీకు కనిపించలేదంతే. ముందు నెట్ తీసేయండి. వేరే పరికరం నుంచి మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చి, తెరిచి ఉన్న లాగిన్లన్నీ సైనవుట్ చేయండి. ఆ కంప్యూటర్‌లో విండోస్ మళ్లీ వేయడమే మేలు.

ఈ ఫిర్యాదు ఎన్నిసార్లు వచ్చినా జనం అదే గోతిలో పడుతున్నారు. ప్లేస్టేషన్ బయోస్ ఫైల్ సరిగ్గా 512 కేబీ ఉంటుంది. దానికి ఇన్‌స్టాలర్ ఎందుకు? బయోస్, రోమ్ (గేమ్ ఫైల్), టెక్స్చర్... ఇవన్నీ డేటా. ఎమ్యులేటర్ వాటిని చదువుతుంది, మీరు రన్ చేయాల్సిన పని లేదు. షేడర్లు చాలా ఎమ్యులేటర్లలో ముందే ఉంటాయి. పైగా విండోస్ ఫైల్ పేర్ల తోకలను దాచేస్తుంది కాబట్టి ఈఎక్స్‌ఈ (ప్రోగ్రామ్) ఫైల్ కూడా గేమ్ ఫైల్‌లాగే కనిపిస్తుంది. ఇన్నేళ్లయినా ఆ డిఫాల్ట్ మార్చకపోవడం నాకు మింగుడుపడని విషయం. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకి వెళ్లి ఫైల్ ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టుకోండి.

డేటా ఫైలే కదా అని పూర్తిగా నమ్మడానికీ లేదు. నింటెండో ఎన్‌ఈఎస్ పాటల ఫైల్ వినాలంటే ప్లేయర్ ఆ కన్సోల్ 6502 రకం ప్రాసెసర్‌ని అనుకరించాలి. ఆ అనుకరణ కోడ్ మెమరీ హద్దులు సరిగా చూసుకోకపోవడంతో, ఒక్క పాట ఫైల్‌తో ఉబుంటు 12.04 అనే లినక్స్ డెస్క్‌టాప్‌లో తన కోడ్ నడిపించవచ్చని 2016లో సెక్యూరిటీ పరిశోధకుడు క్రిస్ ఎవాన్స్ చూపించారు. కాబట్టి ఎమ్యులేటర్‌ని దాని సొంత సైట్ నుంచే దించుకోండి, ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయండి, అడ్మినిస్ట్రేటర్‌గా నడపకండి. అప్‌డేట్‌కి ముందు గేమ్ లోపలి సేవ్ పాయింట్‌లో ఒకసారి సేవ్ చేసుకోండి. ఎమ్యులేటర్ తనంతట తాను దాచే పాత సేవ్ స్టేట్‌లు కొత్త వెర్షన్‌లో తెరుచుకోకపోవచ్చు.

పనిలో పనిగా, వేల గేమ్‌లు నింపి అమ్మే ఆ చేతి కన్సోళ్ల గురించి కూడా. కొన్నింటిలో పాత ఆండ్రాయిడ్ ఉంటుంది, అప్‌డేట్ల ఊసే ఉండదు. కార్డులో గేమ్‌లు ఎవరు ఎక్కించారో తెలియదు. అలాంటిదానిలో రోజూ వాడే గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అయ్యేవాళ్లను చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. కొన్నారు సరే. దానికి విడిగా ఒక ఖాళీ అకౌంట్ పెట్టండి, కార్డు మార్చండి, వైఫై ఆపేయండి. ఆ గేమ్‌లు పుట్టినప్పుడు వాటికి నెట్ లేదు.