ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: ఇంగ్లండ్‌లో చిన్న చిన్న పల్లెలకు కూడా 400 ఏళ్ల చరిత్ర పేర్లతో సహా ఎలా దొరుకుతుందండీ?
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: దానికి మూలం చర్చి రిజిస్టర్లమ్మా. అక్కడ ఒక చర్చి కిందికి వచ్చే ఊరిని పారిష్ అంటారు. 1538లో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్, ప్రతి పారిష్‌లో బాప్టిజం, పెళ్లి, ఖననం మూడూ పుస్తకంలో రాసి తీరాలని ఆర్డర్ వేశాడు. మన తిరుమల గోడల మీద శాసనాలున్నాయి కదా, వాటిలో రాజుల దానాలు, రాసిచ్చిన ఊళ్లు కనిపిస్తాయి, కూలి మనిషి బిడ్డ పేరు మాత్రం కనిపించదు. అక్కడ అదీ ఉంది, నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది అదే.

డెర్బీషైర్‌లోని ఈమ్ అనే పల్లెనే తీసుకోండి. 1665లో లండన్ నుంచి వచ్చిన బట్టల మూటతో ప్లేగు వచ్చిందని చెబుతారు. ఫాదర్ విలియం మాంపెసన్, అంతకుముందు అక్కడే పనిచేసిన థామస్ స్టాన్లీ కలిసి నచ్చజెబితే, పక్క ఊళ్లకు పాకకూడదని జనం పొలిమేర దాటలేదు. బయటివాళ్లు సరుకులు హద్దురాయి దగ్గర పెట్టి వెళ్లేవాళ్లు, వీళ్లు డబ్బుకు అంటిన రోగం పోవాలని రాతి గుంటల్లో వెనిగర్ పోసి అందులో నాణేలు వేసేవాళ్లు. దాదాపు 260 మంది పోయారు, వాళ్ల పేర్లు ఆ చర్చి రిజిస్టర్‌లోనే దొరుకుతాయి. ఎలిజబెత్ హాన్‌కాక్ అనే తల్లి ఎనిమిది రోజుల్లో భర్తనీ ఆరుగురు పిల్లల్నీ తన చేతులతోనే పూడ్చుకుంది.

పేదల్ని పారిష్‌లే ఆదుకోవాలన్న 1601 పేదల చట్టం తర్వాతైతే, పారిష్ ఏ పేదవాళ్లకు ఎంత ఇచ్చిందో ఆ లెక్కలూ చాలాచోట్ల మిగిలాయి.