ముందు ఆ నిమ్మకాయ పక్కన పెట్టండి

ప్రశ్న: చెన్నైలో హాస్టల్లో ఉంటున్నాను. ముక్కు మీద బ్లాక్‌హెడ్స్, బుగ్గల మీద రంగు తేడా ఉన్నాయి. రెండు వారాలుగా శనగపిండిలో నిమ్మరసం కలిపి రాస్తున్నాను. తగ్గకపోగా గడ్డం దగ్గర నలుపు పెరిగింది. ఇంట్లో చేసుకునేవాటిలో నిజంగా పనిచేసేవి ఏవి?

ముందు ఆ నిమ్మకాయ పక్కన పెట్టండి. మిగతాదంతా తర్వాత తీరిగ్గా చదివినా పరవాలేదు.

మీ ప్రశ్న చూడగానే నాకు నా 2017 మే నెల గుర్తొచ్చింది. మాది కావలి. అప్పటికి అంబత్తూరులో ఉద్యోగంలో చేరి మూడేళ్ళు. మీలాగే హాస్టల్. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ నా మొహం గురించి నేను పెద్దగా ఆలోచించింది లేదు. ఇక్కడికి వచ్చాక ఆరు నెలలకే ముక్కు మీద వేలు పెడితే గరుకుగా తగిలేది. హాస్టల్లో బోరు నీళ్ళు ఉప్పగా ఉండేవి, సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, కడుక్కున్నాక ఒక జిడ్డు పొర మిగిలినట్టు ఉండేది. ఆ నీళ్ళలో ఉండే కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టులా తయారై చర్మం మీద మిగిలిపోతాయి. బకెట్ అంచున తెల్లగా పేరుకునేది చూసే ఉంటారు. ఇప్పటికీ హాస్టళ్ళ వాళ్ళు నెలకు వేలకు వేలు తీసుకుంటారు కానీ నీళ్ళ గురించి అడిగితే మాత్రం ఎవరూ పలకరు.

జూన్ మొదటి వారంలో మా అక్క పెళ్ళి. ఇంకా మూడు వారాలుందనగా ఒక ఆదివారం ఉదయం మా రూమ్మేట్ ఫోన్లో ఒక వీడియో చూపించింది. నిమ్మచెక్క మీద పంచదార అద్ది ముక్కు, బుగ్గలు, గడ్డం రుద్దాలి, పావుగంట ఆరనివ్వాలి. మూడు రోజుల్లో బ్లాక్‌హెడ్స్ మాయం, మొహం ఒకే రంగు. ఇద్దరం డాబా మీద నీళ్ళ ట్యాంకు దగ్గర నిలబడి రుద్దుకున్నాం. నేను రెండు చెక్కలు పూర్తిగా పిండేశాను. రసం గడ్డం మీంచి మెడ మీదికి కారింది, వేళ్ళ సందుల్లోంచి మణికట్టు మీదుగా మోచేతి దాకా జారింది. ఆ ఏడాది చెన్నైలో నీళ్ళకు ఎంత కటకటో ఇక్కడున్నవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. మనిషికి ఇన్ని బకెట్లని లెక్క. అందుకని మొహం ఒక్క మగ్గు నీళ్ళతో కడిగి, చేతులు తువాలుకు తుడిచేసుకున్నాను.

పదకొండింటికి లోకల్ రైలెక్కి సెంట్రల్లో దిగి, పార్క్ స్టేషన్లో మారి మాంబళం వెళ్ళాం. రంగనాథన్ వీధిలో జాకెట్ ముక్కలు, ఉస్మాన్ రోడ్డులో గాజులు, అక్కడి నుంచి పాండీ బజారు దాకా నడక. మే నెల కత్తిరి ఎండలు, నెత్తిన చున్నీ తప్ప ఏమీ లేదు. నాలుగు గంటలు తిరిగాం.

ఆ రాత్రి ఏమీ తెలియలేదు. పైగా మొహం నున్నగా ఉందని అద్దంలో చూసుకుని మురిసిపోయాను. సోమవారం సాయంత్రానికి గడ్డం, మెడ మండడం మొదలైంది. మంగళవారం ఎర్రగా కమిలి, మణికట్టు మీద ఆవగింజలంత నీటి పొక్కులు వచ్చాయి. శుక్రవారానికి ఆ ఎరుపంతా నల్లగా మారిపోయింది. ఏదో తిండి పడలేదనుకుని ఎలర్జీ మాత్ర వేసుకుంటూ కూర్చున్నాను. చివరికి ఆఫీసులో ఒక అక్క తిట్టి మరీ చర్మ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

ఆ డాక్టరమ్మ నా మొహం కన్నా ముందు నా చెయ్యి పట్టుకుని చూసింది. మణికట్టు నుంచి మోచేతి వైపు పెన్నుతో గీసినట్టు గోధుమరంగు గీత, చివర ఒక చుక్క. “ఎలుమిచ్చై పిళింజీంగళా?” అని అడిగింది. నిమ్మకాయ పిండారా అని. నేనింకా నోరు తెరవనే లేదు. మామూలు ఎలర్జీ అయితే ఇలా కారిన దారి వెంట గీతలా రాదట. రసం ఎక్కడెక్కడ తగిలిందో అక్కడే, ఎండ పడ్డంత మేరే కాలుతుందట.

అప్పుడు ఆవిడ చెప్పింది విన్నాక నేను చాలా చదివాను. నిమ్మకాయలో సోరలెన్ జాతి పదార్థాలుంటాయి, పైతొక్కలో మరీ ఎక్కువ. వాటంతట అవి పెద్దగా ఏమీ చేయవు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడితే మాత్రం చర్మాన్ని కాల్చేస్తాయి. అది కూడా వెంటనే కాదు, ఒకటి రెండు రోజులు ఆగి. అందుకే చాలామందికి నిమ్మకాయ మీద అనుమానం రాదు. పైగా ఇంగ్లీషు వీడియోల్లో చెప్పే లెమన్ వేరు, మన వంటింట్లో ఉండే చిన్న నిమ్మకాయ వేరు. మనది లైమ్. ఇలాంటి కాలిన మచ్చలకు పేరుపడ్డది అదే. ఇక పులుపు సంగతి సరేసరి. చర్మం సహజంగా కొద్దిపాటి ఆమ్ల గుణంతో, అయిదుకు అటూ ఇటూ పీహెచ్‌తో ఉంటుంది. ఈ అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువన్నమాట. నిమ్మరసం రెండు దగ్గర ఉంటుంది. తేడా మూడే అని కొట్టిపారేయకండి, ఆ లెక్కలో ఒక్కో అంకెకు పది రెట్లు. కొందరు దాంట్లోనే వంటసోడా కలపమంటారు, అది మళ్ళీ క్షారం.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇక్కడుంది. డాక్టరమ్మ ఇంకేం రాస్తారని అడిగితే, మా అమ్మ పంపే సున్నిపిండి అని గొప్పగా చెప్పాను. అందులో ఏమేం వేస్తారని అడిగింది. నాకు తెలియక అక్కడి నుంచే అమ్మకు ఫోన్ చేశాను. పెసలు, పచ్చి శనగపప్పు, బియ్యం, గంధ కచ్చూరాలు, వట్టివేళ్ళు, ఎండు గులాబీ రేకులు, బావంచాలు. బావంచాలంటే డాక్టరమ్మకు అర్థం కాలేదు. ఫోన్లో బొమ్మ వెతికి చూపిస్తే, “ఓ, కార్బోగ అరిసి!” అని తల పట్టుకుంది. ఇక్కడి వాళ్ళు నలంగు మావులో, అంటే తమిళుల సున్నిపిండిలో, వేసేదీ అదే.

సోరలెన్ అనే పేరు వచ్చిందే బావంచాల మొక్క శాస్త్రీయ నామం నుంచి. సోరాలియా అంటారు దాన్ని. ఆయుర్వేదంలో బొల్లి మచ్చలకు బావంచాలు వాడతారు. ఇంగ్లీషు వైద్యంలో కూడా బొల్లికి సోరలెన్ ఇచ్చి, లెక్క ప్రకారం అతినీలలోహిత కిరణాలు పట్టించే పద్ధతి ఉంది. అంటే తెల్లబడిన చోట రంగు రప్పించే మందు. దాన్ని మనం నలుపు పోవాలని మొహానికి పట్టించి, బండేసుకుని మిట్టమధ్యాహ్నం మౌంట్ రోడ్డు మీద వెళుతున్నాం!

ఇది చెబితే అమ్మ చాలా నొచ్చుకుంది. “మీ అమ్మమ్మ, నేను, మీ అక్క, అందరం దాంతోనే నలుగు పెట్టుకున్నాం కదే. ఒక్కళ్ళకైనా మచ్చ వచ్చిందా?” అంది. రాలేదు, నిజమే. నేను దాని గురించి ఎన్నో రోజులు ఆలోచించాను. వాళ్ళు ముందు ఒళ్ళంతా నూనె రాసుకునేవాళ్ళు. ఆ నూనె మీద పిండి చల్లి నలిచి, రెండు నిమిషాల్లో బిందెల కొద్దీ నీళ్ళు పోసుకునేవాళ్ళు. పిండి పని నూనె జిడ్డు తీయడం, అంతే. తర్వాత ఇంటి పట్టున ఉండేవాళ్ళు. నేను చేసిందేమిటి? అదే పిండిని పాలతో కలిపి మొహానికి పట్టులా వేసి, అరగంట పెళుసుగా ఎండనిచ్చి, గోరుతో గీకి, ఆఫీసుకు వెళ్ళడం. మన పెద్దవాళ్ళ పిండిలో తప్పు లేదు. నలుగును ఫేస్ ప్యాక్ చేయడంలోనే తప్పుంది. ఈ మాట ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను.

అక్క పెళ్ళి ఫోటోల్లో నా చేతి గాజుల వెనక ఆ గీత కనిపిస్తూనే ఉంటుంది. గడ్డం మీద నలుపు దాచడానికి మేకప్ ఆవిడ మూడు పొరలు వేసింది. అయినా భోజనాల దగ్గర ఒక బంధువు నా గడ్డం పట్టుకుని, “ఏమ్మా, ఇంత నల్లబడ్డావు, నీకు సంబంధాలు ఎలా వస్తాయి?” అంది. అంతటితో ఊరుకోకుండా సాయంత్రం ఒక ట్యూబు తెచ్చి చేతిలో పెట్టింది. దాని మీద చదివితే హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మొమెటాసోన్ అని మూడు పేర్లు. మూడోది స్టిరాయిడ్. డాక్టరు చూసి, రోజులు లెక్కపెట్టి ఇవ్వాల్సిన మందు అది. మన దగ్గర మాత్రం చుట్టాలు పసుపు కుంకుమల్లా పంచుకుంటారు. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రటి నరాలు తేలి, మానేసిన వారానికే మొహమంతా మంటలు పుడతాయి. 1975లో ఫెయిర్‌నెస్ క్రీమ్ వచ్చిన దగ్గర నుంచి మన ఇళ్ళలో ‘రంగు సమంగా ఉండాలి’ అన్నా ‘తెల్లబడాలి’ అనే వింటారు. మీరు అడిగింది మొదటిది. రెండోదాని కోసం ఎవరేమిచ్చినా రాయకండి.

ఇక మీ బ్లాక్‌హెడ్స్. ఆ నలుపు మురికి కాదు. రంధ్రంలో జిడ్డు, చనిపోయిన చర్మకణాలు బిరడాలా బిగుసుకుని, పైభాగం గాలి తగిలి నల్లబడుతుంది. అందుకే ఎంత రుద్దినా పోదు, రుద్దితే చుట్టూ ఉన్న చర్మం కమిలి నల్లమచ్చ మిగులుతుంది. మన లాంటి ఛాయ ఉన్నవాళ్ళకు గిల్లినా, గీరినా, మండినా మచ్చ పడుతుంది. మీ గడ్డం దగ్గర జరిగిందీ అదేనని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఆవిరి పడితే రంధ్రాలు తెరుచుకుంటాయి, చన్నీళ్ళతో మూసుకుంటాయి అన్నది వట్టి మాట, వాటికి మూసుకునే కండరాలేమీ లేవు. ఆవిరికి జిడ్డు కొంచెం మెత్తబడుతుందేమో, అంతే. ముక్కు మీద వరుసగా బూడిదరంగు చుక్కల్లా కనిపించేవి చాలావరకు బ్లాక్‌హెడ్స్ కూడా కావు, అందరికీ ఉండే జిడ్డు పోగులు. పట్టీ అంటించి లాగితే కొన్ని వారాల్లో మళ్ళీ నిండుతాయి.

వంటింట్లో దొరికేవి ఆ బిరడాను తీయలేవు. నేను అయిదారేళ్ళు ప్రయత్నించి చెబుతున్నాను. దానికి రెండు శాతం సాలిసిలిక్ ఆమ్లం ఉన్న ఫేస్‌వాష్ గానీ సీరమ్ గానీ కావాలి, అది నూనెలో కరుగుతుంది కాబట్టి రంధ్రంలోకి దిగుతుంది. వారానికి మూడు రాత్రులతో మొదలుపెట్టండి. దానికీ లొంగకపోతే డాక్టర్లు అడాపలీన్ రాస్తారు. కొబ్బరినూనె తలకు రాసుకుంటే నుదుటి మీదికి కారకుండా చూసుకోండి, మొహానికి అసలు వద్దు. ఈ ఉక్కలో, ఈ చెమటలో అది రంధ్రాలను ఇంకా పూడ్చేస్తుంది.

ఇంటి వైద్యంలో నేను మిగుల్చుకున్నవి చాలా తక్కువ. ఓట్స్ మెత్తగా పొడి చేసి నీళ్ళలోనో పెరుగులోనో కలిపి రాస్తాను, మండే చర్మానికి చాలా హాయి. కలబంద అయితే మట్ట కోసి, పసుపుపచ్చని రసం పూర్తిగా కారిపోయేదాకా నిలబెట్టి, లోపలి గుజ్జు మాత్రమే. ఆ పచ్చరసం దురద పెడుతుంది. ముల్తానీ మట్టి జిడ్డు పీలుస్తుంది, కానీ బీటలు వారేదాకా ఉంచకుండా ఇంకా తడిగా ఉండగానే కడిగేస్తాను. పసుపు మానేశాను. కస్తూరి పసుపు అని ఇక్కడ నాటు మందుల కొట్లలో అడిగితే చాలా చోట్ల నిగనిగలాడే పచ్చటి పొడి ఇస్తారు. అసలైన కస్తూరి పసుపు అంత పచ్చగా ఉండదు, లేత గోధుమరంగులో ఉంటుంది, చేతికి అంటదు.

నా గడ్డం మీద నలుపు పూర్తిగా పోవడానికి దీపావళి దాకా పట్టింది. అయిదు నెలలు. వాడింది డాక్టరమ్మ రాసిన అజెలాయిక్ ఆమ్లం క్రీము, రోజూ సన్‌స్క్రీన్, గొడుగు. సన్‌స్క్రీన్ రెండు వేళ్ళ పొడవునా పిండి మొహానికీ మెడకూ రాయాలి, బయట తిరిగితే రెండు మూడు గంటలకోసారి మళ్ళీ రాయాలి. రంగు సమం కావడంలో సగానికి పైగా పని దాందే. ఇప్పుడు అమ్మ రెండు పొట్లాలు పంపుతుంది. ఒకదాని మీద ‘ఒంటికి’, ఒకదాని మీద ‘మొహానికి’ అని రాసి ఉంటుంది. మొహానిదాంట్లో బావంచాలు ఉండవు, పలచని బట్టలో రెండుసార్లు జల్లించిన పెసరపిండి మాత్రమే.

మీరు ఈ రోజు నుంచి రెండు వారాల పాటు మెత్తటి ఫేస్‌వాష్, మామూలు మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ తప్ప ఏదీ రాయకండి, సాలిసిలిక్ కూడా ఆ తర్వాతే. నీళ్ళు ఉప్పగా ఉంటే చివర్లో ఒక మగ్గు తాగే నీళ్ళతో మొహం కడుక్కోండి. నలుపు ఇంకా పాకుతున్నా, పొక్కులు లేచినా ఆగకుండా చర్మ డాక్టరుకు చూపించండి. డబ్బు ఇబ్బందైతే సెంట్రల్ స్టేషన్ దగ్గర రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో చర్మ విభాగం ఉంది, ఉదయం పూట ఓపీకి వెళ్ళండి. ఇన్నాళ్ళూ ఏమేం రాశారో ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళండి, సున్నిపిండి వాడుతుంటే అందులో ఏమేం వేశారో ఇంటికి ఫోన్ చేసి కనుక్కుని మరీ.