దక్షిణాయనాంతపు వెన్నెలలో ఎడారి నడక

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలో ఉంటున్నాము. ధనుర్మాసమంతా తెల్లవారుజామునే లేచి తిరుప్పావై చదివే మా అమ్మ పోయినప్పటి నుంచి నాకు పూజలో మనసు నిలవడం లేదు. డిసెంబరు 21 ప్రాంతంలో, పున్నమికి, డెత్ వ్యాలీ ఎడారిలో రాత్రి నడకకు రమ్మని స్నేహితురాలు పిలుస్తోంది. ఉత్తరాయణం సంక్రాంతికి కదా, ఆ రోజుకు విశేషమేమిటి?

జవాబు: తప్పకుండా వెళ్లండమ్మా. సూర్యుడు దక్షిణపు కొసను తాకి ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21 లేదా 22ననే. సంక్రాంతి నాడు మనం పాటించేది మకర రాశి ప్రవేశాన్ని. ఒకప్పుడు కలిసి వచ్చిన ఈ రెండూ, అయనచలనం (భూమి అక్షం బొంగరంలా మెల్లగా దిశ మారడం) వల్ల సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున ఎడమయ్యాయి.

ఆ రోజుల్లో పగటి సూర్యుడు ఎంత కిందుగా నడుస్తాడో, రాత్రి పున్నమి చంద్రుడు అంత ఎత్తున నడుస్తాడు. అందుకే డెత్ వ్యాలీలోని మెస్కీట్ ఫ్లాట్ ఇసుక దిబ్బల మీద అర్ధరాత్రి మీ నీడ పాదాల దగ్గరే ముడుచుకుంటుంది. గాలి గీసిన అలలూ, వాటి మీద ఏదో చిన్న ప్రాణి నడిచి వెళ్లిన చుక్కల వరుసా టార్చి వేయకుండానే కనిపిస్తాయి. అక్కడ బాటంటూ లేదు గనుక కారు నిలిపిన దిక్కును కొండల ఆకారంతో గుర్తుపెట్టుకోండి. ఒంటరిగా వెళ్లవద్దు. చలి గట్టిగా ఉంటుంది, ఉన్ని దుస్తులూ నీళ్లూ మరవకండి.

మీ దుఃఖం ఆ ఒక్క రాత్రితో తీరుతుందని నేను చెప్పలేను. అయితే తిరుప్పావై మొదటి పాశురం మార్గశీర్షపు నిండు వెన్నెల నాటి పిలుపే. దిబ్బ మీద కాసేపు మాటలు మాని కూర్చుని, అమ్మ చదివిన తీరులోనే దానిని గొంతెత్తి చదవండి.