ట్యాబ్ అలవాటైన గిటార్ విద్యార్థులకు స్టాఫ్ నొటేషన్ ఎలా నేర్పాలి?

ట్యాబ్ అంటే ఏ తీగ మీద ఏ ఫ్రెట్ (గిటార్ మెడ మీది గడి) నొక్కాలో అంకెలతో చెప్పే రాత; స్టాఫ్ నొటేషన్ అంటే ఐదు గీతల మీద స్వరాలను గుర్తులతో రాసే పద్ధతి. స్వరాల కంటే ముందు లయతో మొదలుపెట్టండి. మామూలు ట్యాబ్‌లో ఏ తీగ, ఏ ఫ్రెట్ అన్నది ఉంటుంది కానీ ఎంతసేపు మోగాలో ఉండదు. విద్యార్థికి నొటేషన్ అవసరం నిజంగా తెలిసేది అక్కడే. ఒకే తీగ మీద క్వార్టర్ నోట్లు, వాటిలో సగం సేపు మోగే ఎయిత్ నోట్లు చదివిస్తూ, కాలితో తాళం వేయించండి.

తర్వాత మొదటి తీగ (అన్నిటికంటే సన్నది): 0 (ఓపెన్, అంటే ఏ ఫ్రెట్టూ నొక్కకుండా), 1, 3 ఫ్రెట్లలో ఇ, ఎఫ్, జి స్వరాలు. రెండో తీగ మీద అవే ఫ్రెట్లలో బి, సి, డి. మూడో తీగ మీద 0, 2లో జి, ఎ. ఈ ఎనిమిది స్వరాలతో బోలెడు పాటలు వాయించవచ్చు.

స్టాఫ్, ట్యాబ్ రెండూ కలిపి అచ్చువేసిన పేజీ ఇస్తే చిక్కే: కళ్లు అంకెల మీదకే జారతాయి. ట్యాబ్ వరసను కాగితంతో కప్పి చదివించి, తర్వాత విద్యార్థి చేతే కింద ట్యాబ్ రాయించండి. పాట కంఠతా వచ్చేసిందని అనుమానమొస్తే చివరి బార్ (నిలువు గీతల మధ్య ఒక తాళ భాగం) నుంచి అడగండి.

ట్యాబ్‌ను చిన్నచూపు చూడనక్కర్లేదు. స్టాఫ్‌లో గీతల మధ్య కింది నుంచి నాలుగో ఖాళీలోని ఇ మొదటి తీగ ఓపెన్‌లోనూ, రెండో తీగ 5లోనూ, మూడో తీగ 9లోనూ దొరుకుతుంది. ఎక్కడ పట్టాలో ట్యాబే సూటిగా చెబుతుంది.