మిషన్ మీద బొంత కుడితే ముడతలు పడుతున్నాయా?

పాత చీరల బొంత మిషన్ మీద కుడుతుంటే అడ్డ కుట్టు (ముందు కుట్టిన గీతని దాటే కుట్టు) దగ్గర పైన కుచ్చులు, వెనక ముడతలు పడుతున్నాయని, దారం టెన్షన్ (బిగువు) ఎంత తిప్పినా పోవట్లేదని అడిగారు. టెన్షన్ జోలికి ఇక పోకండి. పొరలు దేనికది కదిలిపోతున్నాయి, అంతే.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇక్కడ బొంత కుట్టమని వచ్చేవాళ్ళు సంబల్‌పురి నూలు చీరలూ జారిపోయే సింథటిక్ చీరలూ ఒకే మూటలో కట్టి తెస్తారు, ఆ రెండూ ఒకదాని మీద ఒకటి నిలవవు కాబట్టి సింథటిక్‌వి నేను తిరిగి ఇచ్చేస్తాను, మొహం మాడ్చుకున్నా సరే. వెనక వేసే గుడ్డ కొత్తదైతే ముందే ఉతికి ఆరేయండి. పాత చీర కుంచించుకునేదంతా ఎప్పుడో కుంచించుకుంది, కొత్త నూలు గుడ్డ మాత్రం మొదటి ఉతుకులోనే లాక్కుంటుంది.

అసలు పనంతా నేల మీదే. వెనక గుడ్డని తిరగేసి పరిచి అంచులకి టేపు అంటించండి, బిగువుగా ఉండాలి గానీ సాగకూడదు. సాగదీసి అంటిస్తే టేపు తీయగానే గుడ్డ వెనక్కి పోతుంది, మీ వెనక ముడతలు చాలావరకు అక్కడివే. దాని మీద దూది పొర, ఆపైన చీర వేసి, మధ్య నుంచి అంచులకి అరచేత్తో నిమురుతూ బెత్తెడుకొక పిన్నీసు పెట్టండి. జానెడుకొకటి పెడితే చాలదు.

ఇక పైన కుచ్చుల సంగతి. మిషన్ కింది పళ్ళు అడుగు గుడ్డనే లాగుతాయి, పై గుడ్డని సూది దగ్గరి ఫుట్ నొక్కి ఆపుతుంది, అందుకని ఫుట్ ముందు గుడ్డ చిన్న అలలా లేచి అడ్డ కుట్టు దాకా వచ్చి అక్కడ మడతపడిపోతుంది. వాకింగ్ ఫుట్ (పై గుడ్డని కూడా లాగే పళ్ళున్న ఫుట్) పెడితే పైదీ కిందదీ కలిసి నడుస్తాయి, మీ మిషన్‌కి సరిపోతుందో లేదో చూపించి కొనుక్కోండి. అది లేకపోతే ఫుట్ నొక్కుడు తగ్గించే పై మర కాస్త వదులు చేయండి. కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు, సూది 14 నంబరు.

మధ్య గీత ముందు కుట్టి అక్కడి నుంచి బయటికి రండి, గీతలన్నీ ఒకే వైపు నుంచి మొదలుపెట్టాలి, ఒకటి ఇటు నుంచి ఇంకొకటి అటు నుంచి కుడితే బొంత ఏటవాలుగా మెలిపడుతుంది. బల్ల మీంచి వేలాడే బరువు కూడా లాగుతుంది, పక్కన ఇంకో బల్ల వేసుకోండి.

ఇప్పటికే ముడతపడ్డ చోట మొత్తం విప్పక్కర్లేదు. వెనక వైపు మూడు నాలుగు కుట్లకొకటి తెంపి, పై దారం లాగితే ఊడి వచ్చేస్తుంది.